పాత మిక్సింగ్ సాఫ్ట్‌వేర్, కొత్త విండోస్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి వీడియోలు మిక్సింగ్, అంటే ఎడిటింగ్, చేసే స్టూడియోల్లో ఇవాళ్టికీ ఎడియస్ 6.5, 7, 8, ప్రీమియర్ సీఎస్6 లాంటి పాత వెర్షన్ల మీదే రోజువారీ పని నడుస్తోంది. చేతికి అలవాటైన సాఫ్ట్‌వేర్, ఎప్పుడో డబ్బు కట్టేసిన లైసెన్సు, ఏళ్లుగా పోగేసుకున్న టైటిళ్లు, ఎఫెక్టులు. వీటిని ఎవరూ ఊరికే వదులుకోరు. విండోస్ మారినప్పుడు వాటితో వచ్చే ఇబ్బందుల గురించి తరచూ వినపడే ప్రశ్నలివి. మ్యాక్ వాడేవాళ్ల సంగతి చివర్లో ఉంది.

విండోస్ 10 అయిపోయిందంటున్నారు. నా సిస్టమ్ ఆగిపోతుందా?

ఆగదు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. నిన్న తెరుచుకున్న ప్రాజెక్టు రేపూ తెరుచుకుంటుంది. సొంత వాడకానికి ఏడాది పాటు అదనపు అప్‌డేట్ల పథకం కూడా పెట్టారు, దాని గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 7 వాడేవాళ్లు 2020 జనవరి నుంచే ఈ స్థితిలో ఉన్నారు, వాళ్ల స్టూడియోలేం మూతపడలేదు.

అసలు భయమంతా ఇంటర్నెట్‌తోనే. మిక్సింగ్ చేసే సిస్టమ్‌లోనే జీమెయిల్, ఫోన్‌పే లెక్కలు, పాటల డౌన్‌లోడ్లు, కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ అన్నీ నడిపిస్తుంటే ప్రమాదమే. వీలైతే ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి. ఇంటర్నెట్ పనికి వేరే చవక ల్యాప్‌టాప్ పెట్టుకోండి, పెన్‌డ్రైవ్‌లు ముందు దాంట్లో స్కాన్ చేసి ఆ తర్వాత ఇటు తెచ్చుకోండి. నా లెక్కలో చాలా స్టూడియోలకు ఇదే సరిపోతుంది, విండోస్ 11 గొడవే అక్కర్లేదు.

అసలు నా సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కుతుందా?

ఇంటెల్ అయితే 8వ జనరేషన్ నుంచి, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి అధికారికంగా ఎక్కుతుంది. దాంతోపాటు టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే భాగం), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ విండోస్‌నే మొదలుకానిచ్చే ఏర్పాటు) ఉండాలి. మన దగ్గర చాలా స్టూడియోల్లో ఉన్నవి ఐ7 4770, 4790 లాంటి 4వ జనరేషన్ మెషీన్లు. వాటికి ఎక్కదు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, సర్వీసు చేసేవాళ్లు 'అరగంట పని సార్' అంటారు కూడా. కానీ అలా ఎక్కించిన మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసం మారడానికి బయల్దేరి, అప్‌డేట్లకే గ్యారంటీ లేని చోటికి చేరడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. బాగా నడుస్తున్న 4790ని అలాగే ఉండనివ్వండి.

ఎక్కే మెషీన్ అయితే, విండోస్ 11లో పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?

ఎక్కువసార్లు నడుస్తుంది. విండోస్ 11 ఒక్క 64 బిట్‌లోనే వస్తుంది గానీ, 32 బిట్ ప్రోగ్రామ్‌లను ఇంకా నడుపుతుంది. ఎడియస్ 6.5 దాకా 32 బిట్, 7 నుంచి 64 బిట్. ప్రీమియర్‌లో సీఎస్4 దాకా 32 బిట్, సీఎస్5 నుంచి 64. కాబట్టి బిట్ల లెక్క దగ్గరే ఆగిపోవడం అరుదు. దెబ్బతినేది మిగతా సరంజామా: క్యాప్చర్ కార్డు (కెమెరా, టేపుల నుంచి వీడియో ఎక్కించేది) డ్రైవరు, డాంగిల్ (లైసెన్సు కోసం సిస్టమ్‌కి తగిలించే తాళం), గ్రాఫిక్స్ డ్రైవరు, క్విక్‌టైమ్ (ఎమ్‌ఓవీ వీడియోలు చదివే ఆపిల్ సాఫ్ట్‌వేర్), లైసెన్సు, తెలుగు ఫాంట్లు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది కదా అని సంబరపడకుండా, ఒక పాత ప్రాజెక్టు తెరిచి, టైటిల్ వేసి, రెండు నిమిషాలు ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తేగానీ సంగతి తేలదు.

32 బిట్ వెర్షన్‌కి కొన్న ప్లగిన్‌లు 64 బిట్ వెర్షన్‌లో కనబడవు. అది విండోస్ తప్పు కాదు, ప్లగిన్ కూడా 64 బిట్‌దే కావాలి.

అప్‌గ్రేడ్ చేసే ముందు ఏమేం చేసుకోవాలి?

మొదట ముహూర్తాలు చూసుకోండి. వైశాఖంలోనో మాఘంలోనో, నాలుగు పెళ్లిళ్ల ఫుటేజీ టేబుల్ మీద ఉండగా విండోస్ ముట్టుకోవద్దు. ఆషాఢం ఉంది, మూఢం ఉంది, అప్పుడు ఎలాగూ ఖాళీయే. చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ డెలివరీ ఇచ్చేశాకే మొదలుపెట్టండి.

తర్వాత సీ డ్రైవ్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసుకోండి. ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు. విండోస్, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్, లైసెన్సు అన్నీ ఉన్నది ఉన్నట్టుగా రావాలి. క్లోన్‌జిల్లా ఉచితం, చూడ్డానికి పాతకాలపు నల్ల తెరలా ఉంటుంది గానీ పని పక్కాగా చేస్తుంది. దీనికంటే తేలిక దారి ఇంకోటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్కును పీకి పక్కన పెట్టి, కొత్త దాంట్లో విండోస్ 11 వేయండి. కుదరకపోతే పాత డిస్కు మళ్లీ తగిలిస్తే సాయంత్రానికి పనిలో ఉంటారు. దీనికయ్యే ఖర్చు ఒక రోజు పని ఆగితే పోయేదాని కంటే తక్కువ.

లైసెన్సు సంగతి ఇక్కడే చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా, విండోస్ మార్చేముందు దాని మెనూలోంచే డీయాక్టివేట్ చేయండి. చాలామంది ఫార్మాట్ కొట్టేసిన తర్వాత దీని గురించి అడుగుతారు. అప్పటికి ఆ లైసెన్సు ఇంకా పాత సిస్టమ్ మీదే ఉన్నట్టు కంపెనీ లెక్కల్లో ఉంటుంది. సీరియల్ నంబరు ఉన్న డబ్బాను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఇన్‌స్టాలర్ ఫైలు, ఆఖరి అప్‌డేట్ ఫైలు కూడా దాచుకోండి, పాత వెర్షన్లు కంపెనీ సైట్‌లో ఎల్లకాలం ఉండవు.

ఇక నడుస్తున్న ప్రాజెక్టులు. ఎడియస్‌లో 'కన్సాలిడేట్ ప్రాజెక్ట్', ప్రీమియర్‌లో 'ప్రాజెక్ట్ మేనేజర్' అని ఉంటాయి. ప్రాజెక్టులో వాడిన క్లిప్పులన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి చేరుస్తాయి. డీ డ్రైవ్‌లో కొన్ని, డెస్క్‌టాప్ మీద కొన్ని, డౌన్‌లోడ్స్‌లో పాటలు అన్నట్టుగా ఉన్న ప్రాజెక్టు ఇలా చేయకపోతే తర్వాత సగం ఎర్రగా కనబడుతుంది.

అప్‌గ్రేడ్ అయిపోయింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. ఏం చేయాలి?

ముందు తారీఖు చూసుకోండి. పాత విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీలోకి వెళ్తే 'గో బ్యాక్' బటన్ ఉంటుంది. నొక్కితే పాత విండోస్ తిరిగొస్తుంది. ఈ లోపు 'డిస్క్ క్లీనప్' చేసి విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ తీసేశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. స్థలం కోసం కక్కుర్తి పడొద్దు.

వెనక్కి వెళ్లడం ఇష్టం లేకపోతే ఒక్కొక్కటిగా చూడాలి. సాఫ్ట్‌వేర్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అందులో విండోస్ 7 ఎంచుకుని, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టండి. అడ్మినిస్ట్రేటర్ టిక్ ఒక్కదానితోనే దారిలోకి వచ్చే పాత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఎందుకంటే అవి తమ సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకోవాలని చూస్తాయి, విండోస్ రానివ్వదు.

అప్పటికీ కాకపోతే 'విండోస్ ఫీచర్స్'లో డాట్‌నెట్ 3.5 ఆన్ చేయండి, విజువల్ సీ ప్లస్ ప్లస్ పాత ప్యాకేజీలు, 2010 జూన్ డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తెచ్చి వేయండి. 'డీఎల్ఎల్ మిస్సింగ్' అని వచ్చిందని గూగుల్‌లో ఆ ఒక్క డీఎల్ఎల్ వెతికి ఏదో సైట్ నుంచి దించుకోవడం మాత్రం వద్దే వద్దు.

తెరుచుకుంటోంది గానీ ప్రాజెక్టు సేవ్ అవట్లేదు అంటే విండోస్ సెక్యూరిటీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ అయి ఉందేమో చూడండి. ఆన్ ఉంటే మీ సాఫ్ట్‌వేర్‌ను అనుమతించిన జాబితాలో చేర్చండి. కొత్త 4కే మానిటర్ మీద సీఎస్6 అక్షరాలు చీమల్లా కనబడుతుంటే అదే కంపాటిబిలిటీ పేజీలో 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' లోపల స్కేలింగ్‌ను సిస్టమ్‌కి అప్పగించండి. కాస్త మసగ్గా ఉంటుంది, కళ్లు మాత్రం నిలబడతాయి.

ఎడియస్‌లో ఎక్స్‌పోర్ట్ ఒక్కసారిగా నత్తనడక అయిపోయింది. ఎందుకు?

ఇది ఎక్కువ స్టూడియోలను తిప్పలు పెట్టేది, పరిష్కారం మాత్రం చిన్నదే. ఎడియస్‌లో హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి) వీడియో వేగంగా బయటికి రావడానికి కారణం ఇంటెల్ క్విక్ సింక్. అది ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ మీద ఆధారపడుతుంది, మీరు విడిగా కొన్న ఎన్‌విడియా కార్డు మీద కాదు. విండోస్ మారినప్పుడు ఇంటెల్ డ్రైవరు పోయి దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ బేసిక్ డ్రైవరు కూర్చోవచ్చు. లేదా బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగులు) రీసెట్ అయి, విడి కార్డు ఉంది కదా అని ఇంటెల్ గ్రాఫిక్స్ మొత్తానికే ఆగిపోవచ్చు.

డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి. అక్కడ ఎన్‌విడియాతో పాటు ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ పేరు కూడా కనబడాలి. లేకపోతే బయోస్‌లోకి వెళ్లి ఇంటర్నల్ గ్రాఫిక్స్‌ను, కొన్ని బోర్డుల్లో మల్టీ మానిటర్ అని ఉంటుంది, ఎనేబుల్ చేయండి. తర్వాత ఇంటెల్ డ్రైవరు వేయండి. ఎక్స్‌పోర్ట్ బాక్సులో హార్డ్‌వేర్ ఎన్‌కోడ్ టిక్ మళ్లీ పెట్టడానికి వీలైందంటే పని అయిపోయినట్టే.

గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది వేయాలా, పాతదే ఉంచాలా?

పాత సాఫ్ట్‌వేర్‌కి పనిచేస్తున్న డ్రైవరే మంచి డ్రైవరు. విండోస్ అప్‌డేట్ దాన్ని మార్చేసి స్క్రీన్ నల్లబడుతుంటే డీడీయూ అనే ఉచిత టూల్‌తో సేఫ్ మోడ్‌లో పూర్తిగా తీసేసి, మీకు నడిచిన వెర్షన్ మళ్లీ వేయండి. జీటీఎక్స్ 600, 700 సిరీస్‌లలోని కెప్లర్ కార్డులకు ఎన్‌విడియా 470 వరుసతోనే డ్రైవర్లు ఆపేసింది, కొత్తవి వాటికి ఎక్కవు.

ప్రీమియర్ సీఎస్6లో మెర్క్యురీ ప్లేబ్యాక్ (గ్రాఫిక్స్ కార్డుతో వేగం పెంచే సదుపాయం) కొన్ని కార్డులకే ఆన్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో క్యూడా సపోర్టెడ్ కార్డ్స్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది, అందులో మీ కార్డు పేరు కలిపి సేవ్ చేస్తే ఆన్ అవుతుందన్నది అందరికీ తెలిసిన చిట్కా. అయితే సీఎస్6 2012 నాటిది. మరీ కొత్త ఆర్‌టీఎక్స్ కార్డు కొని దాంట్లో పెట్టి వేగం వస్తుందని ఆశపడొద్దు.

ఎమ్‌ఓవీ ఫైళ్లన్నీ ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది.

క్విక్‌టైమ్ లేదు, అందుకే. పాత ప్రీమియర్, పాత ఎడియస్ ఎమ్‌ఓవీ చదవడానికి విండోస్ క్విక్‌టైమ్ మీద ఆధారపడ్డాయి. 2016లో ఆపిల్ దాన్ని వదిలేసింది. అందులో ఉన్న భద్రతా లోపాలకు ఇక మరమ్మతు లేదు కాబట్టి తీసేయమని అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ అప్పట్లోనే చెప్పింది. నెట్ లేని సిస్టమ్‌లో 7.7.9 వేసుకుని, ప్లేయర్, బ్రౌజర్ ప్లగిన్ లేకుండా అవసరమైనంత వరకే పెట్టుకోవచ్చు. నెట్ ఉన్న సిస్టమ్‌లో వద్దు. షట్టర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత టూల్‌తో ఆ ఎమ్‌ఓవీలను మార్చుకుని వాడుకోండి.

ఐఫోన్‌లో తీసిన వీడియోలు టైమ్‌లైన్ మీద పెడితే నల్లగా వస్తున్నాయి, లేదంటే మాటకీ పెదవికీ పొంతన ఉండట్లేదు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. నల్లగా రావడానికి కారణం హెచ్ఈవీసీ, అంటే హెచ్.265. సీఎస్6 వచ్చేనాటికి అది పుట్టనేలేదు. పొంతన పోవడానికి కారణం ఫోన్లు ఫ్రేమ్ రేటును వెలుతురును బట్టి పెంచుతూ తగ్గిస్తూ తీయడం. పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ లెక్క అందదు.

హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్.264 ఎంచుకుని, 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చితే రెండూ నయమవుతాయి. ఫోన్‌లో 30 ఫ్రేములతో తీసింది 30గానే ఉంచండి, అక్కడే 25కి దించితే కదలికలు కుదుపుగా కనబడతాయి. తీసేవాళ్లకు ముందే చెప్పగలిగితే ఇంకా హాయి. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌ను 'మోస్ట్ కంపాటిబుల్' అని పెట్టి, 'షో పాల్ ఫార్మాట్స్' ఆన్ చేస్తే 25 ఫ్రేముల్లోనే, హెచ్.264లోనే తీయొచ్చు.

టైటిళ్లలో తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనబడుతున్నాయి. పెళ్లికూతురి పేరే చదవలేకపోతున్నాం!

అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో టైప్ చేసిన టైటిళ్లకు ఇది జరుగుతుంది. అను ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే గుర్తు ఉండే పద్ధతి) కావు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అక్కడున్నది ఇంగ్లిష్ అక్షరాలే, ఫాంటు వాటిని తెలుగుగా చూపిస్తోంది. విండోస్ కొత్తగా వేసినప్పుడు ఆ ఫాంటు లేకపోతే ముసుగు తొలగిపోతుంది. పాత డిస్కులోని ఫాంట్స్ ఫోల్డర్‌ నుంచి అవే ఫాంట్లు తెచ్చి, 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అని వేయండి. మామూలు ఇన్‌స్టాల్ నొక్కితే ఆ ఒక్క యూజర్‌కే పడతాయి, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు వాటిని గుర్తించవు.

మళ్లీ మళ్లీ వాడే టైటిళ్లు, అంటే శుభవివాహం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు లాంటివి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మలుగా తీసి పెట్టుకోండి. ఇక ఏ విండోస్ వచ్చినా, ఏ సాఫ్ట్‌వేర్ మారినా వాటికి ఢోకా లేదు. పేర్ల కోసం మాత్రం యూనికోడ్‌కి మారడం మంచిది. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితం. పాత టైటిలర్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు విడిపోతుంటే ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి పీఎన్‌జీగా తీసుకోండి. కొత్త ప్రీమియర్‌లోనే విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' చేసి సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. ఈ ఒక్క సెట్టింగ్ తెలియక తెలుగును తిట్టుకునేవాళ్లు ఎంతమందో.

మినీ డీవీ టేపులు ఎక్కించే ఫైర్‌వైర్ కార్డు కెమెరాను గుర్తించట్లేదు.

విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ పాత 1394, అంటే ఫైర్‌వైర్, డ్రైవరును తీసేసింది. దాన్ని విడిగా తన సైట్‌లో పెట్టింది. విండోస్ 10లో అది వేసి, డివైస్ మేనేజర్‌లో 1394 కంట్రోలర్ మీద 'అప్‌డేట్ డ్రైవర్', 'లెట్ మి పిక్' ద్వారా చివర లెగసీ అని ఉన్నది ఎంచుకుంటే చాలా కార్డులు లేస్తాయి. ఇంటర్నల్ క్యాప్చర్ కార్డులు, హాస్ప్ డాంగిల్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్‌లో 'మెమరీ ఇంటిగ్రిటీ' ఆన్ ఉంటే విండోస్ పాత డ్రైవర్లను లోడ్ కానివ్వదు. హాస్ప్ డాంగిల్ కోసం దాని కంపెనీ థేల్స్ సైట్‌లో కొత్త సెంటినెల్ డ్రైవరు దొరుకుతుంది, ముందు అది ప్రయత్నించండి. మెమరీ ఇంటిగ్రిటీ ఆపేయడం నెట్ లేని సిస్టమ్‌లోనే చేయండి.

టేపుల కోసమే ఇంత కష్టమెందుకు, పాత సిస్టమ్ ఉండగానే అవన్నీ ఎక్కించేయండి. గంట టేపు సుమారు 13 జీబీ అవుతుంది. టేపులు ఏటేటా పాడవుతాయి, వాటిని ఆడించే కెమెరాలు అంతకంటే వేగంగా పోతున్నాయి.

సీరియల్ నంబరు నాదే, డబ్బాతో సహా ఉంది. అయినా యాక్టివేట్ కావట్లేదు.

కంపెనీ తన యాక్టివేషన్ సర్వర్లు ఆపేస్తే అంతే సంగతులు. అడోబీ సీఎస్2, సీఎస్3 విషయంలో అదే జరిగింది. సక్రమంగా కొన్నవాడికి ఇది అన్యాయమే, అయినా చేయగలిగింది తక్కువ. యాక్టివేట్ అయి ఉన్న డిస్కు ఇమేజ్ చేతిలో ఉంటే అదే మెషీన్‌లో దాన్ని తిరిగి దించుకోవచ్చు. మదర్‌బోర్డు మారిందంటే ఆ లైసెన్సు మళ్లీ అడగొచ్చు.

క్రాక్ వెర్షన్ వాడుతున్నాం. అప్‌గ్రేడ్ చేస్తే?

విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని వైరస్ అని పట్టి పడేస్తుంది, మీరు డిఫెండర్‌ను ఆపేస్తారు, ఆ తర్వాత వచ్చేది నిజంగానే వైరస్ కావచ్చు. ఫుటేజీ మొత్తానికి తాళం వేసి డబ్బులడిగే రకాలు ఇలాంటి ఫైళ్లలోనే వస్తాయి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఉన్న రోజుల్లో క్రాక్‌కి సాకు దొరకడం కష్టం.

వర్చువల్ మెషీన్‌లో, అంటే సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌లా, విండోస్ 7 పెట్టి నడపొచ్చా?

పాత ప్రాజెక్టు తెరిచి టైటిల్ ఎలా ఉందో చూడ్డానికి, ఈడీఎల్ (కట్‌ల జాబితా ఫైలు) తీసుకోడానికి సరే. మిక్సింగ్‌కి పనికిరాదు, గ్రాఫిక్స్ కార్డు బలం లోపలికి అందదు.

మ్యాక్‌లో ఫైనల్ కట్ ప్రో 7 ఇంకా నడపగలమా?

2009లో వచ్చి, 2011 జూన్‌లో ఫైనల్ కట్ ప్రో టెన్ రాగానే ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. 2017 నాటి మ్యాక్ వెర్షన్ హై సియెరాలో ఆపిల్ దానికి సపోర్ట్ తీసేసింది. మోజావే దాకా 32 బిట్ ఉంది, 2019 అక్టోబర్‌లో వచ్చిన క్యాటలీనాతో అదీ పోయింది. మ్యాక్ వాళ్ల కష్టం మనకంటే ఎక్కువ: విండోస్ పాతవాటిని మోస్తూ వస్తుంది, ఆపిల్ కోసేస్తుంది. ఎమ్1, ఆ తర్వాతి మ్యాక్‌లలో మోజావే వేయడమే కుదరదు. కాబట్టి పాత ఇంటెల్ మ్యాక్ ఒకటి సియెరాతోనో అంతకు ముందు వెర్షన్‌తోనో అలాగే ఉంచి, అందులోంచి ఒక్కో ప్రాజెక్టును ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (వేరే సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైలుగా) బయటికి తీయడమే దారి. రిజాల్వ్, ప్రీమియర్ రెండూ దాన్ని తెరుస్తాయి. టేపులు ఎక్కించేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: మ్యాక్‌ఓఎస్ 26లో ఫైర్‌వైర్ సపోర్టే లేదు.

పాత ప్రాజెక్టులన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయా?

అదే కంపెనీ కొత్త వెర్షన్ అయితే చాలావరకు వస్తాయి, వెనక్కి మాత్రం పోవు. కొత్త ప్రీమియర్‌లో తెరిచి సేవ్ చేసింది సీఎస్6లో తెరుచుకోదు, అందుకే కాపీ మీదే ప్రయోగం చేయండి. పాత టైటిలర్ కొత్త ప్రీమియర్‌లో లేదు, పాత టైటిళ్లను కొత్త గ్రాఫిక్స్‌గా మార్చుకోవాలి.

వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలంటే ఎడియస్ నుంచి ఏఏఎఫ్ లేదా ఈడీఎల్, ప్రీమియర్ నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్. కట్‌లు వస్తాయి, ఏ క్లిప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వస్తుంది, మామూలు డిజాల్వ్‌లు వస్తాయి. పూల వర్షం ఎఫెక్టులు, త్రీడీ ఆల్బమ్ తిప్పడాలు, ప్లగిన్‌లతో చేసిన రంగులు రావు. నా మాట వింటే అన్ని ప్రాజెక్టులనూ మోసుకెళ్లకండి. డెలివరీ అయిపోయిన పెళ్లికి ప్రాజెక్టు ఫైలు మళ్లీ ఎవరు అడుగుతారు? అడిగితే వీడియోనే అడుగుతారు. 50 ఎంబీపీఎస్ హెచ్.264లో ఒక మాస్టర్ కాపీ తీసి రెండు డిస్కుల్లో పెట్టండి, గంటకు 22 జీబీ పైచిలుకు. ఇంకా బేరం నడుస్తున్నవి, అసలు పెళ్లి అయి రిసెప్షన్ మిగిలినవి, అవి మాత్రమే మార్చుకోండి.

విండోస్ మూవీ మేకర్ మళ్లీ దొరుకుతుందా?

మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. ఆ పేరుతో ఇప్పుడు డౌన్‌లోడ్ ఇచ్చే సైట్లను నమ్మొద్దు. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ఉంది, ఇంట్లో పుట్టినరోజు వీడియోకి చాలు.

కొత్త సిస్టమ్ కొన్నాక పాతది అమ్మేయాలా?

చోటుంటే అమ్మకండి. 4వ జనరేషన్ మెషీన్‌కి వచ్చేది ఎలాగూ కొద్ది డబ్బే. నెట్ లేకుండా ఒక మూల పెట్టి, నెలకోసారి ఆన్ చేయండి. బయోస్ తారీఖు వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ మార్చండి, తారీఖు తప్పితే కొన్ని లైసెన్సులు మొరాయిస్తాయి. అమ్మక తప్పదంటే ముందు సాఫ్ట్‌వేర్ డీయాక్టివేట్ చేసి, డిస్కులు మీ దగ్గరే ఉంచుకుని మిగతాది అమ్మండి.